ఫోన్ల డబ్బా మీద పాలపిట్ట

మా అమ్మను ఎవరైనా "మీకెంతమంది పిల్లలు?" అని అడిగితే "ఇద్దరు" అనేది. నేను ఒక్కదాన్నే. రెండోది మా వీధి మొదట్లో నిలబడి ఉండే టెలిఫోన్ డబ్బా. వేళాకోళానికే అనేదిగానీ ఆ మాటలో కాస్త ఉక్రోషం కూడా ఉండేది. నాన్న పొద్దున లేచి నా మొహం చూసేవాడో లేదోగానీ దాని మొహం చూడకుండా కాఫీ తాగేవాడు కాదు. చేతిలో పాతగుడ్డ, జేబులో తాళంచెవి. వెళ్ళి రెండు తలుపులూ తెరిచి, లోపల దుమ్ము దులిపి, మళ్ళీ మూసి వచ్చేవాడు. వచ్చాక ముఖంలో ఒక తృప్తి కనిపించేది. దేవుడి గదిలోంచి వచ్చినప్పుడు కూడా ఆయన ముఖంలో అంత తృప్తి ఉండేది కాదని అమ్మ ఫిర్యాదు.

నాన్న టెలిఫోన్ లైన్‌మన్. మా కాలనీ దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుకూ ఎల్‌బీ నగర్ చౌరస్తాకూ మధ్య, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వస్తుంది. మలుపులోనే సిమెంటు దిమ్మె మీద ఆ డబ్బా. ఛాతీ ఎత్తు ఉండే ఇనుప పెట్టె, ముందువైపు రెండు తలుపులు, బూడిద రంగు. అంత దిక్కుమాలిన వస్తువు మా వీధిలో ఇంకొకటి లేదు. దాని పక్కలనిండా కాగితాలే. కోచింగ్ సెంటర్లవి కొన్ని, పైల్స్ మందువి కొన్ని. ఒకరు "ఇల్లు అద్దెకు" అని అంటిస్తే, దాని పక్కనే ఇంకొకరు "ఇల్లు కిరాయికి" అని అంటించేవాళ్ళు. రెండిళ్ళూ మా వీధిలోవే.

లోపల మాత్రం వేరే లోకం. వీధుల్లోని ఫోన్లన్నిటి తీగలూ అక్కడికే వచ్చేవి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమరంగు, తెలుపు, ఎరుపు. పొరలు పొరలుగా, జడలు జడలుగా. చిన్నప్పుడు ఒకసారి నన్ను ఎత్తుకుని చూపించి, "ఇదిగో, మన వీధి వాళ్ళందరి మాటలూ ఇందులోంచే వెళ్తాయి" అన్నాడు. నేను చెవి పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదని ఏడ్చానట. నాకు గుర్తు లేదు, ఆయన జీవితమంతా చెప్పుకుని నవ్వాడు.

మాది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. ఉద్యోగం వచ్చాక నాన్న ఇక్కడికి వచ్చి, నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళింట్లో కింది వాటాలో దిగాడు. ఇంటి ఓనరు తల్లిని వీధంతా అవ్వ అనేది, మేమూ అవ్వ అనే అన్నాం. నేను పుట్టింది ఆ వాటాలోనే. ఇంట్లో 'ఏంటి', గేటు దాటితే 'ఏంది'. అదెక్కడ మారుతుందో నాకే తెలిసేది కాదు, గేటు గడియ తీస్తూండగానే నాలుక దానంతటదే తిరిగేది. నాన్న నాలుకకు మాత్రం ఆ విద్య రాలేదు. అన్నేళ్ళున్నా ఆయన మాట మొన్న బస్సు దిగినవాడి మాటలాగే ఉండేది.

ఆయన దిగిన కొత్తలోనే ఒక ఘనకార్యం చేశాడు. అవ్వ మెట్ల మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ, "పెయ్యంత ఒక్కటే నొప్పులు బిడ్డా" అందట. మా వైపు పెయ్య అంటే ఆవుదూడ. ఓనరు గారి తల్లి కదా, మర్యాదగా పలకరిద్దామని నాన్న వంగి, "అయ్యో, పెయ్యకేమైందండీ? మేత తింటోందా?" అని అడిగాడు. అవ్వ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "తింటనే ఉన్న కొడుకా. పొద్దుగాల రెండు రొట్టెలు తిన్న" అంది. ఇక్కడ పెయ్యి అంటే ఒళ్ళు అని ఆయనకు తెలిసేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఆ తర్వాత ఎవరు ఎదురుపడినా "ఫోన్ల సారూ, పెయ్యి మంచిగున్నదా?" అని అడగడమే. నాన్న సిగ్గుపడుతూ "బానే ఉందండీ" అనేవాడు. ఏళ్ళు గడిచినా ఆ ప్రశ్నా మారలేదు, జవాబూ మారలేదు.

దసరాకు ఇంకో ముచ్చట. అవ్వకు ఆ రోజు పాలపిట్టను చూడకపోతే పండగ పండగే కాదు. సిటీలో ఎక్కడిది పాలపిట్ట? అందుకని మధ్యాహ్నం అన్నం తినగానే కొడుకును వెంటబెట్టుకుని బస్సెక్కి అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక పొలాల దగ్గర దిగేది. తీగల మీద, కంపచెట్ల మీద వెతికి వెతికి, పిట్ట కనపడితే దండం పెట్టుకుని, సాయంత్రానికి జమ్మి ఆకుతో తిరిగొచ్చేది. ఆ ఆకును చేతిలో పెట్టి "బంగారం" అంటారు. పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు, ఈడువాళ్ళయితే కావలించుకుంటారు. అవ్వ మాత్రం ఎవరైనా తన దగ్గరికి వచ్చేదాకా ఆగేది కాదు, తనే మా వాకిట్లోకి వచ్చి నాన్న చేతిలో పెట్టేది. మొదటిసారి "బంగారం తీస్కో" అన్నప్పుడు అమ్మ లోపల్నుంచి హడలిపోయి పరిగెత్తుకొచ్చిందట, ఈయన ఎవరి దగ్గర ఏం తీసుకుంటున్నాడో అని.

ఇక ఉద్యమం రోజులు. ఇప్పుడు ఆ సంగతి చెప్తుంటే కొందరు ఇటు ముఖం పెడతారు, కొందరు అటు. నేను ఉన్నదున్నట్టు చెప్తాను. కాలేజీలో నేనూ జై తెలంగాణ అన్నాను. ఎవరో అనమంటే అన్నది కాదు. నా పక్క బెంచీ పిల్ల వాళ్ళ ఊరి బావి గురించి, వాళ్ళ అన్నకు రాని ఉద్యోగం గురించి చెప్తే, న్యాయమే కదా అనిపించి అన్నాను. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నాన్న, "అను తల్లీ, న్యాయమైతే అను" అన్నాడు. ఆ తర్వాత "మనం ఎవరి ఉద్యోగం తీసుకోలేదు కదే?" అని మెల్లిగా అడిగాడు. నన్ను అడిగాడో, తనను తాను ప్రశ్నించుకున్నాడో తెలియదు.

మా వెనక గల్లీలో ఒక గదిలో భార్యాభర్తలు ఉండేవాళ్ళు. ఇద్దరూ బోర్డులు రాసేవాళ్ళే, నేను అన్నా అక్కా అని పిలిచేదాన్ని. అన్నను వీధంతా ఆర్టిస్టు అనేది, కానీ అసలు గీత అక్కది. ఆమె సుద్దముక్కతో అక్షరం అంచు గీస్తే అన్న రంగు నింపేవాడు. ఆమె స్కేలు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో సగం దుకాణాల బోర్డులు ఒకప్పుడు వీళ్ళవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని కాస్తా పోయాక అన్న పెయింటు పనులకు, అక్క మార్కెట్లో బత్తాయిలు ఏరే పనికి పోయారు. ఉద్యమం మళ్ళీ వాళ్ళ చేతికి కుంచె ఇచ్చింది. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ తీసేసి టీజీ రాయించుకునేవాళ్ళు గది ముందు వరసకట్టారు. మెయిన్ రోడ్డు వెంట గోడలన్నీ వాళ్ళే రాశారు. నేను నిలబడి చూసేదాన్ని. ఒట్టి గోడ మీద అక్క చెయ్యి అలా తిరుగుతూ పోయేది, వెనకాలే అంత పెద్ద 'తె' నిలబడేది. చెయ్యి ఎత్తకుండా రాసేది. నాకు లెక్కలు వచ్చు, కోచింగ్ సెంటర్లో లెక్కలే చెప్పేదాన్ని. ఒక్క సున్నా తిన్నగా గీయడం మాత్రం ఈ రోజుకీ రాదు. అందుకేనేమో, ఆమె చెయ్యి కదిలినంతసేపూ నేను కదిలేదాన్ని కాదు.

ఒక ఏడు దసరా ముందు సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి రాలేదు. బడులు తెరవలేదు, కోచింగ్ సెంటర్ల షట్టర్లు దింపేశారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పని లేక నేను గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూండేదాన్ని. నాన్న మాత్రం డ్యూటీకి వెళ్ళేవాడు, కేంద్రం ఉద్యోగం కాబట్టి వాళ్ళకు సమ్మె లేదు.

ఒకరోజు పొద్దున నాన్న డబ్బా దగ్గరికి వెళ్ళి, వెంటనే తిరిగొచ్చాడు. చేతిలో గుడ్డ మడత విప్పలేదు. అమ్మ కాఫీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టి అలాగే కూర్చున్నాడు. ఏమైందంటే ఏమీ లేదన్నాడు. ఆ "ఏమీ లేదు" నాకు నచ్చలేదు. చెప్పులేసుకుని వీధి మొదటికి వెళ్ళాను.

డబ్బా మీద కాగితాలన్నీ పీకేసి శుభ్రం చేశారు. పైన చిన్నగా "ఆంధ్రోళ్ళు". కింద పెద్ద అక్షరాలతో, ఎడమ తలుపు మీద "గో", కుడి తలుపు మీద "బ్యాక్". నీలం అక్షరాలు, తెల్ల అంచు. రంగు ఇంకా మెరుస్తోంది. ఆ తలుపులు తెరవాలంటే ఒక చేత్తో "గో" పట్టుకుని ఇటు లాగాలి, ఇంకో చేత్తో "బ్యాక్" పట్టుకుని అటు లాగాలి. మా నాన్న రోజూ చేయాల్సిన పని అది.

ఆ వారంలో ఆయన ఆ డబ్బాను తెరిచాడు, మూశాడు. గుడ్డ తీసుకెళ్ళడం మానేశాడు. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా, "రిటైరయ్యేదాకా ఆగడమెందుకు? బెజవాడ వైపు ట్రాన్స్‌ఫర్ అడుగుతాను. వెళ్ళిపోదాం" అన్నాడు. అమ్మ గరిట పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"మీరు వెళ్తే వెళ్ళండి. నేను పుట్టింది ఈ గదిలో. నన్ను ఎక్కడికి వెనక్కి పొమ్మంటారు, వంటింట్లోకా?" అన్నాను.

"నిన్ను అనలేదులేవే."

"మరి మిమ్మల్నన్నారా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. మా నాన్న ఎన్నేళ్ళున్నా ఇక్కడివాడు కాలేదని ఆ తలుపులు రోజూ ఆయనకు చెప్తున్నాయి, ఆయన నమ్మడం మొదలుపెట్టాడు. నాకు భయం వేసింది ఆ నమ్మకాన్ని చూసే.

ఆ వారమంతా నేను ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆ "బ్యా" ఎవరిదో నాకు తెలుసు. గోడల దగ్గర అన్ని రోజులు నిలబడి చూసిన చెయ్యి, నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? సాయంత్రం దాకా కూడా ఆగలేదు, ఎర్రటి ఎండలో వెనక గల్లీకి వెళ్ళాను. ఇద్దరూ గడప దగ్గర కుంచెలు కడుగుతున్నారు.

"డబ్బా మీద రాసింది మీరేనా?" అన్నాను. నమస్కారం లేదు, మంచీచెడూ లేదు.

అన్న అయోమయంగా చూశాడు. "ఏ డబ్బా చెల్లె?"

"మా నాన్న డబ్బా."

అక్క చేతిలోని కుంచె కిందపడింది. ఆమె అన్న వైపు చూసి, నా వైపు చూసి, "గీత నాదే చెల్లె" అంది. "రోడ్డు పొంటి అన్నీ రాసుకుంట వచ్చినం. అది నున్నగున్నది, ఇనుము మీద రంగు మంచిగ పడ్తదని రాసినం. గా డబ్బా ఫోన్ల సారు తెరుస్తడని మా మతిలనే లేదు."

అబద్ధం కాదని నాకు తెలుస్తూనే ఉంది. దాంతో కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆ మాట నాకు కాదు, ఆయనకు చెప్పమన్నాను. ఇద్దరూ తడి చేతులు బట్టలకు తుడుచుకుంటూ నా వెనకాలే వచ్చారు.

నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. మెట్ల మీద అవ్వ. అన్న మా వాకిట్లో నిలబడి తల వంచుకున్నాడు.

"సారూ, అది లీడర్లకు రాసింది. మా కొలువులు, మా నీళ్ళు, గా కోపం. మీ మీద రాసింది కాదు. మీ అసుంటోళ్ళ మీద మాకేం పగ?"

నాన్నకు కోపం రావడం నేను పెద్దగా చూడలేదు. అప్పుడూ రాలేదు. నెమ్మదిగానే అన్నాడు. "లీడర్లు ఆ డబ్బా తెరవరు కదయ్యా. నేనే కదా తెరిచేది."

అవ్వ మోకాళ్ళు ఒత్తుకోవడం ఆపేసింది. అన్న, "ఇప్పుడే పోయి తుడిచేస్తం సారూ" అన్నాడు.

"తుడిస్తే పోయేదైతే నేనే తుడుచుకునేవాణ్ణి" అన్నాడు నాన్న.

అన్న గేటు వైపు తిరిగాడు. వెళ్ళబోతూ అక్క ఆగింది. "సారూ, గా డబ్బా ఒక్క మీరే తెరుస్తరా? ఇంకెవ్వరు తెరువరా?"

"ఈ వీధిలో తాళంచెవి నా దగ్గరొక్కటే ఉందమ్మా."

ఆమె ఆ మాటను లోపల ఎక్కడో దాచుకున్నట్టు తలూపి వెళ్ళిపోయింది. ఎందుకడిగిందో నాకు అర్థం కాలేదు. ఇదేం ప్రశ్న అని విసుక్కున్నాను కూడా.

మర్నాడు పొద్దునే వాళ్ళు డబ్బా దగ్గర ఉన్నారు. అక్షరాలను గరుకు కాగితంతో రుద్ది రుద్ది ఇనుము బయటపడేదాకా గీశారు. తర్వాత అడుగురంగుగా ఎర్రటి రెడాక్సైడ్ పూశారు. ఎవరు చేయించుకుంటున్నారని అడిగిన వాళ్ళకు అన్న, "మా పనే" అని మాత్రం చెప్పాడు. నాన్నకు ఒక్కటే బెంగ, ఆఫీసు డబ్బా కదా, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని. చివరికి "తుప్పు పట్టకుండా రంగు వేయిస్తున్నానని చెప్తాలే" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

సమ్మె కాబట్టి వీధిలో మగవాళ్ళంతా ఖాళీ. ఇంకేం, అందరూ డబ్బా చుట్టూ చేరి సలహాలు. ఒకరు చార్మినార్ వేయమంటారు, ఒకరు సాయిబాబాను. ఒక కుర్రాడు జై తెలంగాణ రాయమన్నాడు. "దానికి గోడలున్నయి గదా, గోడ మీద ఇంకింత పెద్దగ రాస్త" అన్నాడు అన్న. ఎడమ పక్క అక్క బతుకమ్మకు పేర్చే తంగేడు పూలు, గునుగు పూలు గీసింది. కుడి పక్క బత్తాయి గంప. ఆ బత్తాయిలు చూస్తే తొక్క మీద గరుకు కూడా కనపడేది. ఏరి ఏరి ఆ చేతులకు అవి ఎంత తెలిసిపోయాయో అనుకున్నాను. ముందు తలుపుల మీద ఒక తీగ, ఆ తీగ మీద ఒక పిట్ట.

పిట్టను చూసి వీధి నీరుగారిపోయింది. మట్టిరంగు రొమ్ము, మెడ లోపలికి పెట్టుకుని, ముడుచుకుని కూర్చుంది. నెత్తి మీద కొంచెం నీలం ఉందో లేదో.

"గిదేం పిట్టరా?" అంది అవ్వ.

"పాలపిట్ట అవ్వా."

"నాకే చెప్తవా? ఏడాదికోపాలి చూస్తున్న. రెక్కల నీలం యాడున్నది?"

"కూసున్న పిట్టకు యాడ కనవడ్తది అవ్వా? ఉంటది తీ" అన్నాడు అన్న.

"ఏముంటదో ఏమో, గోరింక లెక్కనే ఉన్నది" అని అవ్వ కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. అంత చెయ్యి ఉండి ఈ బక్క పిట్టేమిటి?

ఆ తర్వాత అసలు తమాషా మొదలైంది. అన్న వచ్చి, తలుపుల లోపలి వైపు కూడా తుప్పు ఉంది, తాళం తీయమని నాన్నను అడిగాడు. నాన్న తాళంచెవి ఎవరికీ ఇవ్వడు. తనే వచ్చి తీశాడు, తీగల మీద రంగు పడకుండా తన చేత్తోనే పాలిథిన్ కవరు కట్టాడు. కట్టి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోబోతే అక్క, "సారూ, మీరు అటు మర్లి కూసోండి" అంది.

"ఎందుకమ్మా?"

"గట్లనే. జర కూసోండి."

ఇంకెవరైనా అయితే ఒప్పుకునేవాళ్ళు కాదేమో. మా నాన్న ఒప్పుకున్నాడు. డబ్బాకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి, మధ్యాహ్నాలు అలా కుర్చీలో కూర్చున్నాడు, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలాగా. డబ్బా ముందు రెండు కర్రలు పాతి అక్క తన పాత చీర కట్టేసింది. నేను పక్కనుంచి తొంగి చూడబోతే కుంచె చూపించి బెదిరించింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. వీధిలో నేను చూడకుండా ఏదైనా జరగడమే నాకు పడదు. అందులోనూ మా నాన్న చూడకూడనిది మా నాన్న డబ్బాలో ఏముంటుంది? రంగు ఆరేదాకా తలుపులు తీయనే వద్దన్నారు. ఆ రెండు మూడు రోజులు ఎవరి ఫోనూ చెడిపోకూడదని అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

దసరా వచ్చింది. బస్సులు లేవు. స్కూటర్ ఎక్కడానికి అవ్వ మోకాళ్ళు ఒప్పుకోవు. ఎక్కినా చౌరస్తా దాటనిచ్చేలా లేరు. పొద్దున్నుంచి అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. కోడలు బూరెలు పెడితే ముట్టలేదు. "పుట్టి బుద్ధెరిగినంక పిట్టను చూడని దసర లేదు నాకు" అని మాత్రం అంది. అది విని నాన్న కూడా దిగాలుగా కూర్చున్నాడు. ట్రాన్స్‌ఫర్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, కానీ వదిలేయనూ లేదు. పండగ సెలవులయ్యాక ఆఫీసులో అడుగుతానని అమ్మతో అనడం నేను విన్నాను. ఇదే ఇక్కడ మనకు ఆఖరి దసరా అని అమ్మ ముఖంలో రాసి ఉంది.

మధ్యాహ్నం దాటాక అక్క వచ్చింది. కొత్త చీర, తలనిండా బంతిపూలు. "అవ్వా, జర వీధి మొగదలకు రా. సారూ, మీరు గూడ రాండి. తాళంచెవి పట్టుకుని రాండి" అంది.

"ఇవాళ డ్యూటీ లేదమ్మా" అన్నాడు నాన్న.

"డ్యూటీకి గాదు సారూ, పండుగకు."

వీధి సగం అక్కడే ఉంది. చీర తెర తీసేశారు. మూసిన తలుపుల మీద అదే ముడుచుకున్న మట్టిరంగు పిట్ట. అవ్వను నాన్న పక్కనే నిలబెట్టారు, వెనక అమ్మా నేనూ. అన్న దూరంగా దుకాణం గోడకు ఆనుకుని నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. నాన్న తాళం తీశాడు. ఒక చేత్తో ఇటు, ఒక చేత్తో అటు, రోజూ తెరిచినట్టే తెరిచాడు.

పిట్ట రెక్కలు విప్పింది.

ఇంకెలా చెప్పాలో నాకు ఈ రోజుకీ తెలియదు. కూర్చున్న పిట్ట తలుపులతోపాటు పక్కకు వెళ్ళిపోయింది. రెండు తలుపుల లోపలివైపూ, అంచు నుంచి అంచు దాకా, రెండు రెక్కలు. కరిగిపోయే లేతనీలం, దాని పక్కనే సిరాలాంటి ముదురు నీలం, మళ్ళీ లేతనీలం. ఒక్కో ఈకను అక్క విడిగా గీసింది, అన్న విడిగా నింపాడు. నాన్న చేతులు ఇంకా తలుపుల మీదే చాచి ఉన్నాయి, అంటే ఆయన చేతుల పొడవునా ఆ రెక్కలే. అన్ని రోజులూ వంకలు పెట్టిన వీధి మొత్తం చప్పుడు లేకుండా నిలబడింది. మెయిన్ రోడ్డు మీద ఎవరో మైకులో పాడుతున్న పాట ఒక్కటే వినపడుతోంది. మా వీధి మొదట, పైల్స్ మందు కాగితాలు అంటించే డబ్బాలో, ఇంత నీలం ఎక్కడ పట్టింది?

అవ్వ కర్ర నాకు ఇచ్చేసి రెండు చేతులూ జోడించింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఎగిరింది" అంది. "ఎగిరింది తల్లీ."

నాన్న రెక్కల్ని చూడటం లేదు. మధ్యలో చూస్తున్నాడు. పాలిథిన్ కవరు తీసేశారు. రెండు రెక్కలకూ నడుమ ఆయన తీగలు, ఆయన రోజూ దులిపే తీగలు. అక్కడ ఏ రంగూ వేయలేదు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమరంగు, అలాగే పొరలు పొరలుగా ఉన్నాయి.

"నడిమిట్ల మేమేం గియ్యలే సారూ" అంది అక్క, కొంచెం భయంగా. "రెక్కలే గీసినం. పెయ్యి మాత్రం మీదే."

ఆ మాట ఆయనకు ఇప్పుడు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. దుకాణం గోడ దగ్గర్నుంచి అన్న, నేల చూపులు చూస్తూనే, "బయట పిట్ట వీధికి సారూ. లోపటిది మీకు. తెరిచేది మీరే గదా" అన్నాడు.

నాన్న ఒక తలుపు వదిలి వేళ్ళతో ఆ తీగల్ని తాకాడు. అప్పుడు అవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసి, అన్నేళ్ళుగా వీధంతా అడిగే ప్రశ్నే అడిగింది. "ఏం కొడుకా, పెయ్యి మంచిగున్నదా?"

"మంచిగున్నదవ్వా" అన్నాడు మా నాన్న.

'బానే ఉందండీ' కాదు. మంచిగున్నదవ్వా. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవ్వ కొంగు ముడి విప్పి, పొద్దున కొడుకు గుడి దగ్గర్నుంచి తెచ్చిచ్చిన జమ్మి ఆకు తీసి ఆయన చేతిలో పెట్టి "బంగారం" అంది. నాన్న ఆమె కాళ్ళు మొక్కి, తిన్నగా దుకాణం గోడ దగ్గరికి నడిచి, ఆ ఆకును రెండుగా తుంచి సగం అన్న చేతిలో పెట్టాడు. ఇద్దరూ కావలించుకున్నారు. అన్న చొక్కా మీది రంగు నాన్న పండగ చొక్కాకు అంటింది. ఆ నీలం ఎన్ని ఉతుకులకూ పోలేదు, పోగొట్టాలని అమ్మ గట్టిగా ప్రయత్నించనూ లేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మెయిన్ రోడ్డు మీదికి మెట్రో స్తంభాలొచ్చాయి, పండ్ల మార్కెట్ వెళ్ళిపోయింది, ఇళ్ళలో ఫోన్లు ఒక్కొక్కటే మూగపోయాయి. ఎండకూ వానకూ డబ్బా బయటి పిట్ట వెలిసిపోయి నిజంగానే గోరింకలా తయారైంది. లోపలిది మాత్రం ఎండ తగలక అలాగే ఉంది. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఇక అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్ళలేదు. ప్రతి దసరాకూ ముసలమ్మలు డబ్బా ముందు చేరేవాళ్ళు, నాన్న పండగ బట్టలు కట్టుకుని వెళ్ళి తెరిచేవాడు.

కానీ నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఆ దసరా మర్నాటి పొద్దుట్ని. నాన్న పెందలాడే లేచాడు. పాతగుడ్డ వెతుక్కుంటున్నాడు, వారాలుగా ముట్టని గుడ్డ. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన వెనకాలే తిరుగుతూ, అడగలేక అడగలేక అడిగింది. "ఇంతకీ ట్రాన్స్‌ఫర్ సంగతి ఏం చేస్తారండీ? ఎప్పుడు అడుగుతారు?"

నాన్న తలుపు మేకుకు ఉన్న తాళంచెవి తీసుకుని, ఆమె ఏదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశాడు.

"నేను వెళ్తే దాన్ని రోజూ ఎవరు తెరుస్తారే?" అన్నాడు. కాఫీ తాగకుండానే గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.